పాత క్లాసిక్ కారు లోపలి భాగాన్ని ఇంట్లోనే బాగు చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారు సీట్లు, కార్పెట్, పైకప్పు గుడ్డ సొంతంగా బాగు చేసుకుందామనుకునేవాళ్లు ఏళ్ల తరబడి ఇవే సందేహాలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. పని నడిచే వరుసలోనే ప్రశ్నలు పెట్టాను, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఒక్క మాట మాత్రం అందరికీ: పాత భాగం ఎంత పాడైపోయినా, దాని బదులు కొత్తది వచ్చి సరిగ్గా బిగుసుకునేదాకా పారేయకండి. కొలత, ఆకారం, రంధ్రాల చోటు, అసలు రంగు అన్నీ దానిలోనే ఉంటాయి.

## మొదలుపెట్టే ముందు

ఎప్పుడూ ఇలాంటి పని చేయలేదు. నా వల్ల అవుతుందా?

చాలావరకు అవుతుంది. విప్పడం, శుభ్రం చేయడం, కార్పెట్ వేయడం, డోర్ ప్యాడ్లు కొత్తగా చేసుకోవడం, చెక్కకు వార్నిష్ పట్టించడం లాంటివి ఓపిక ఉంటే ఎవరైనా చేయొచ్చు. కుట్టుపని చేతికి రావడానికి మాత్రం నెలలు పడుతుంది. నేల రేకు వెల్డింగు, సీటు బెల్టులు బిగించే చోట్లు ఆ పని తెలిసినవాళ్లకే వదలండి. అక్కడ పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. జాగా సంగతి కూడా ముందే చూసుకోండి. విప్పిన సామాను కారుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చోటు చాలక సగంలో అటకెక్కిన పనులు చాలా చూశాను.

ముందు సీట్లు చేయాలా, కార్పెట్ వేయాలా?

రెండూ కాదు. ముందు నీళ్లు ఎక్కడి నుంచి కారుతున్నాయో కనిపెట్టండి. నేను మొదటిసారి ఈ పని వదిలేసి కొత్త కార్పెట్ వేశాను. ఒక్క వానాకాలం గడిచేసరికి కింది ప్యాడ్ పిండితే నీళ్లొచ్చాయి. హీటర్‌కి గాలి వెళ్లే గూట్లో ఆకులు పేరుకుని, నీళ్లు బయటికి పోయే దారి మూసుకుపోవడమే కారణం.

పరీక్ష తేలికే. ఒకరు టార్చ్ పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు పైపుతో సన్నగా నీళ్లు వదలాలి. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. ముందే పైన పోస్తే నీళ్లు అంతటా పాకి అసలు చోటు తెలియదు. ఒక్కో చోట 5 నిమిషాలైనా ఆగండి. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు, డోర్ బీడింగులు, డిక్కీ రబ్బరు తప్పకుండా చూడండి.

కారడం ఆగాక నేల తుప్పు, వైరింగ్, పైకప్పు గుడ్డ, సౌండ్ మ్యాట్, కార్పెట్, డ్యాష్‌బోర్డ్, డోర్ ప్యాడ్లు, చివర్లో సీట్లు. ఈ వరుసలో వెళితే పైన రాలే దుమ్ము, జిగురు కొత్తవాటి మీద పడవు.

అంతా కొత్తది వేయాలా, పాతదాన్నే నిలబెట్టాలా?

నిలబెట్టగలిగినంత నిలబెట్టండి, నా అభిప్రాయం ఇదే. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఖరారు చేసిన ట్యూరిన్ చార్టర్ కూడా ఉన్నదాన్ని కాపాడటానికే మొదటి స్థానం ఇస్తుంది. ముందు ఒక సీటు శుభ్రంగా తుడిచి, వారం రోజులు అలాగే ఉంచి చూడండి. చెడిపోయిందనుకున్న తోలు చాలాసార్లు మురికి పట్టిన తోలే. వాడకంతో వచ్చిన నునుపు, కొద్దిపాటి గీతలు లోపం కాదు. కుట్లు తెగిపోయి, తోలు చేత్తో లాగితే చినిగిపోతుంటే అప్పుడు మార్చక తప్పదు.

అసలు రంగు ఏమిటో ఎలా తెలుస్తుంది?

ఎండ తగలని చోట్ల వెతకండి. సీటు అడుగున మడిచిన అంచు, డోర్ ప్యాడ్ వెనక్కి తిప్పి అంటించిన అంచు, యాష్‌ట్రే కింద, డోర్ గడప పట్టీ కింద నలిగిన కార్పెట్ ముక్క చూడండి. చాలా కార్లలో బాడీకి బిగించిన ప్లేటు మీద లోపలి రంగు కోడ్ ఉంటుంది. ఫోటో చూసి రంగు ఎంచుకోకండి, అసలు ముక్కను కొత్తదాని పక్కన పెట్టి పగటి వెలుతురులో పోల్చండి.

## విప్పేటప్పుడు

బ్యాటరీ తీయకుండా పని చేస్తే ఏమవుతుంది?

డ్యాష్‌బోర్డ్ వెనక స్పానర్ జారి ఒక లైవ్ వైరు రేకుకు తగిలితే మంటే. పాత కార్లలో చాలా సర్క్యూట్లకు ఫ్యూజే ఉండదు. పైగా గుడ్డ చుట్టిన వైర్ల పొర ఎండిపోయి రాలిపోతుంటుంది. ఎర్త్ వైపు టెర్మినల్ ముందు తీయండి, బిగించేటప్పుడు దాన్ని చివర్లో పెట్టండి. 1960ల దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో పాజిటివే ఎర్త్, కాబట్టి గుర్తు చూసి కాదు, బాడీకి వెళ్లే వైరు చూసి తేల్చుకోండి.

విప్పిన స్క్రూలు ఎక్కడివో గుర్తుండట్లేదు. ఏం చేయను?

కుదిరిన చోటల్లా స్క్రూని తీసిన రంధ్రంలోనే మళ్లీ రెండు చుట్లు తిప్పి పెట్టండి, అదే అన్నిటికంటే మంచి డబ్బా. మిగతావి చిన్న కవర్లలో వేసి చీటీ రాయండి. “డోర్” అని రాస్తే చాలదు, “డ్రైవర్ డోర్, చేతిపిడి, 2 పొడవు” అని రాయాలి. విప్పే ముందు ఒకటి, సగం విప్పాక ఒకటి, వెనకవైపు ఒకటి ఫోటో తీయండి. బిగించే రోజు ఆరు నెలల తర్వాత వస్తుందనుకుని తీయండి.

సీటు బోల్టులు కదలట్లేదు. గట్టిగా తిప్పేయనా?

వద్దు. తల తెగితే పని పదింతలవుతుంది. కారు కిందికి వెళ్లి, బయటికి పొడుచుకొచ్చిన మరలను ఇనుప బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు మొదట కొంచెం బిగించే వైపు తిప్పండి, తుప్పు పట్టు అక్కడే విడుతుంది. తర్వాత కొంచెం విప్పడం, కొంచెం బిగించడం. పెట్రోల్ పైపులు, పాత ప్యాడ్లు దగ్గరలో ఉంటే మంట పెట్టి వేడి చేసే ఆలోచన మానుకోండి.

డోర్ ప్యాడ్ విరగకుండా ఎలా తీయాలి?

ముందు అద్దం తిప్పే పిడి తీయాలి. దాని వెనక చిన్న పిన్నో, గుర్రపు నాడా ఆకారంలో క్లిప్పో ఉంటుంది. క్లిప్పయితే పిడికీ ప్యాడ్‌కీ మధ్య ఒక గుడ్డ పీలిక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగండి, క్లిప్ దానికదే బయటికి వస్తుంది. ఎగిరిపడుతుంది, కాబట్టి మీద ఇంకో చెయ్యి అడ్డం పెట్టండి. తర్వాత ప్యాడ్ అంచు వెంట ఒక్కో క్లిప్ దగ్గరే పట్టి లేపాలి. మధ్యలో పట్టి లాగితే తడికి మెత్తబడిన అట్ట క్లిప్ దగ్గర ఊడిపోతుంది. అట్ట పాడైతే 3 మి.మీ. హార్డ్‌బోర్డ్ మీద పాతదాన్ని పెట్టి గీసి కోసుకోండి, రెండు వైపులా, అంచులకూ వార్నిష్ పట్టించండి. డోర్‌కి అంటించిన ప్లాస్టిక్ లేదా మైనం కాగితం చినిగితే కొత్తది తప్పకుండా వేయండి, నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే.

పాత కారు లోపల ఆరోగ్యానికి హాని చేసేవి ఏమైనా ఉంటాయా?

మూడు ఉంటాయి. ఒకటి ఎలుకల గూళ్లు. పొడిగా ఊడిస్తే లేచే దుమ్ముతో హంటా వైరస్ లాంటివి సోకవచ్చు. మాస్క్, గ్లోవ్స్ వేసుకుని, క్రిమినాశక ద్రవంతో తడిపి, నానాక తుడిచి తీయండి. రెండోది ఆస్బెస్టాస్. పాత సౌండ్ ప్యాడ్లలో, హీటర్ చుట్టూ వేసిన అట్టల్లో ఉండొచ్చు. అనుమానం ఉంటే గీకకండి, ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. మూడోది, బాగా పాత మీటర్లలో కొన్నిటికి చీకట్లో వెలిగేందుకు రేడియోధార్మిక పదార్థమైన రేడియం కలిపిన రంగు వేసేవారు. ఇప్పుడు వెలగట్లేదు కదా అని ధైర్యపడొద్దు. అరిగిపోయింది వెలుగునిచ్చే పదార్థం మాత్రమే. రేడియం-226 సగానికి తగ్గడానికి సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటి మీటరు అద్దం ఇంట్లో విప్పకండి.

## నేల, కార్పెట్

కార్పెట్ కింద తుప్పు కనిపించింది. రంగు వేసి మూసేయవచ్చా?

పైపై తుప్పా, లోతుదా ముందు తేల్చుకోండి. స్క్రూడ్రైవర్ పిడితో నేలంతా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు బొంగురుగా పలుకుతుంది. అలాంటి చోట మొనతో పొడిచి చూడండి. మొన దిగితే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డ్ చేయాల్సిందే. పైపైదైతే మెరిసే లోహం కనిపించేదాకా రుద్ది, తుప్పు మార్చే ద్రవం, ప్రైమర్, రంగు వేయండి. సీటు కాళ్లు, బెల్టు బోల్టుల చుట్టూ తుప్పు ఉంటే పుట్టీ పూసి సరిపెట్టుకోవద్దు.

సౌండ్ మ్యాట్ నేలంతా పరచాలా?

అక్కర్లేదు. ఆ బరువైన మ్యాట్ పని రేకు కంపించకుండా ఆపడం. ఒక్కో పలక మధ్యభాగంలో పావు వంతు అంటించినా కంపనం చాలావరకు తగ్గుతుంది. తారు మ్యాట్ ఎండకు మెత్తబడి వాసనేస్తుంది, అందుకే బ్యూటైల్ రబ్బరుదే తీసుకోండి. రోలర్‌తో గట్టిగా అదమాలి, కింద గాలి మిగిలితే అక్కడ తేమ చేరుతుంది. నీళ్లు బయటికి పోయే రంధ్రాల మీద మాత్రం అంటించకండి.

కొత్త కార్పెట్ ముడతలు పడుతోంది. తప్పు ఎక్కడ?

డబ్బాలో మడిచి వచ్చిన, కారు నేల ఆకారంలో అచ్చు వేసిన కార్పెట్‌ను నేరుగా వేస్తే అలాగే ఉంటుంది. ముందు ఒక పూట ఎండలో పరవండి. గేర్‌బాక్స్ మీది ఎత్తు దగ్గర మొదలుపెట్టి, అక్కడ కచ్చితంగా కూర్చోబెట్టాకే పక్కలకు సర్దుకుంటూ పోవాలి. కింద వేసే మెత్తటి ప్యాడ్ ముందే పెట్టాలి, తర్వాత పెడితే కోసిన రంధ్రాలన్నీ పక్కకు జరుగుతాయి. బోల్టు చోట్లు వేలితో తడిమి, కింది నుంచి సూది గుచ్చి గుర్తు పెట్టి, చిన్న కత్తిరింపు మాత్రమే పెట్టండి. డ్రిల్ ఎప్పుడూ పెట్టొద్దు, బిట్టుకు ఒక పోగు చిక్కుకుంటే కార్పెట్ మీద పొడవాటి గీత లేచిపోతుంది.

పోగులు ఉంగరాల్లా చుట్టుకుని ఉండే కార్పెట్ మంచిదా, పోగుల కొసలు కత్తిరించినదా?

మంచీ చెడూ కాదు, మీ కారుకు ఏది వచ్చిందో అదే. అమెరికన్ కార్లలో దాదాపు 1973 దాకా ఉంగరాలుగా అల్లినది, 1974 నుంచి కత్తిరించినది వచ్చాయి. ఖరీదైన బ్రిటిష్ కార్లలో విల్టన్ ఉన్ని కార్పెట్ ఉండేది.

## పైకప్పు

పైకప్పు గుడ్డ వేలాడుతోంది. జిగురు కొట్టి అంటిస్తే సరిపోదా?

సరిపోదు. గట్టి అట్టకు అంటించిన రకం గుడ్డలో వెనక సన్నటి స్పాంజ్ పొర ఉంటుంది. వదిలింది జిగురు కాదు, ఆ స్పాంజే పొడైపోయింది. పొడికి జిగురు పట్టదు. అట్టను బయటికి తీసి, గుడ్డ ఒలిచి, మిగిలిన పొడి మొత్తం మెత్తటి బ్రష్‌తో దులిపేయాలి. పని అంతా ఇక్కడే ఉంది, గంటల తరబడి పడుతుంది. తర్వాత వేడిని తట్టుకునే కాంటాక్ట్ జిగురు అట్టకూ, కొత్త గుడ్డ వెనకా కొట్టి, చేతికి అంటనంత ఆరాక, మధ్య నుంచి అంచులకు అరచేత్తో నిమురుతూ అంటించండి. మామూలు స్ప్రే జిగురు మొదటి ఎండాకాలానికే వదిలేస్తుంది.

కడ్డీల మీద వేలాడే పాత రకం పైకప్పు గుడ్డ ఇంట్లో వేయొచ్చా?

వేయొచ్చు, కానీ లోపలి పనులన్నిటిలో ఇదే కష్టం. ఇద్దరు కావాలి, తొందర ఉండకూడదు. ఒక్కో ఉక్కు కడ్డీ వంపు, పొడవు వేరు. అందుకే తీసేటప్పుడే ముందు నుంచి వెనక్కి 1, 2, 3 అని టేపు అంటించి రాసుకోండి, ఏ రంధ్రంలో ఉందో కూడా రాయండి. కొత్త గుడ్డను మధ్యకు మడిచి సుద్దతో గీత గీయండి, కారు రేకు మీదా అలాగే మధ్య గీత గీసుకోండి, రెండూ కలవాలి. కడ్డీలు ఎక్కించాక ముందూ వెనకా మధ్యలో క్లిప్పులు పెట్టి లాగండి, ఆ తర్వాతే పక్కలు. పక్కలు ముందు లాగితే ముడత ఏటవాలుగా పడి ఎంత లాగినా పోదు. చాలా కార్లలో ఈ గుడ్డ అంచు అద్దం రబ్బరు కిందికి వెళ్తుంది, కాబట్టి అద్దాలు తీసి ఉన్నప్పుడే వేయాలి. మిగిలిన చిన్న ముడతలకు దూరం నుంచి ఆవిరి పట్టండి.

## సీట్లు

నాది తోలా, రెగ్జినా ఎలా తెలుస్తుంది?

సీటు కింద మడిచిన అంచు వెనకవైపు చూడండి. తోలైతే పీచుపీచుగా, మఖమల్ లాగా ఉంటుంది. రెగ్జినైతే నేసిన గుడ్డ కనిపిస్తుంది. చాలా కార్లలో కూర్చునే చోటు మాత్రమే తోలు, పక్కలు, వెనకభాగం రెగ్జిన్. అందుకని ఒక్కచోట చూసి తేల్చేయకండి.

తోలు బిరుసెక్కింది. నూనె రాస్తే మెత్తబడుతుందా?

వంటనూనె, కొబ్బరినూనె లాంటివి అసలు రాయొద్దు. రంగు ముదురుతుంది, దుమ్ము పట్టేస్తుంది, తర్వాత రంగు వేద్దామన్నా పట్టదు. తోలు శుభ్రం చేసే తేలికపాటి ద్రవాన్ని నురగ చేసి, మెత్తటి బ్రష్‌తో చిన్న చిన్న చోట్లు రుద్ది, వెంటనే తడిగుడ్డతో తుడవండి. ఆరాక తోలు కండిషనర్ పలచగా పట్టించి, ఒక రోజు ఆగి మళ్లీ పట్టించండి. రెగ్జిన్‌కి కండిషనర్ వల్ల ఉపయోగం లేదు, అది లోపలికి పీల్చుకోదు.

పగుళ్లు వచ్చిన తోలుకు రంగు వేస్తే నిలుస్తుందా?

కింది పని బాగుంటే నిలుస్తుంది. మురికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి జిడ్డు వదిలించాలి. పగుళ్ల అంచులు 600 నంబరు శాండ్‌పేపర్‌తో తేలిగ్గా నునుపు చేయండి. వంగే గుణమున్న తోలు ఫిల్లర్ పలచటి పొరలుగా వేసి, ఒక్కోటి ఆరాక రుద్దండి. ఆ తర్వాత తోలు రంగు స్పాంజ్‌తో అద్దినట్టు, అయిదారు పలచటి పొరలు. చివర రక్షణ పొర. మందంగా ఒకేసారి పూస్తే కూర్చున్న మొదటి రోజే గీతలుగా విచ్చుకుంటుంది.

కొత్త సీటు కవర్ నేనే కుట్టుకోవచ్చా?

కుట్టుకోవచ్చు, మీ దగ్గరున్న పాత కవరే నమూనా. కుట్లు విప్పకముందే ప్రతి ముక్క వెనక మార్కర్‌తో నంబరు వేయండి, పైకి ఎటో బాణం గుర్తు పెట్టండి. ఆపైన ప్రతి కుట్టు మీద, పది సెంటీమీటర్లకొకటి చొప్పున, రెండు ముక్కల మీదా పడేలా అడ్డగీత గీయండి. కొత్త ముక్కల మీద ఆ గీతలు దించుకుంటే, కుట్టేటప్పుడు గీతకు గీత కలిపితే చాలు, వంపులు వాటంతటవే కుదురుతాయి.

నేను మొదటి సీటు విప్పినప్పుడు కవర్ లోపలివైపు సుద్దతో రాసిన ఒక అంకె, దాని పక్కనే ఇలాంటి అడ్డగీతలే కనిపించాయి. ఫ్యాక్టరీలో ఎవరో కుట్టుపనివాళ్లు ఎన్నో ఏళ్ల కిందట పెట్టుకున్న గుర్తులు, ఒక్క కుట్టు కూడా వాటిని దాటి పోలేదు. ఆ ముక్కను ఇప్పటికీ దాచుకున్నాను.

డ్రైవర్ సీటు కవర్ సాగిపోయి ఉంటుంది కాబట్టి, రెండు సీట్లూ ఒకే ఆకారమైతే పక్క సీటుదాన్ని నమూనాగా తీసుకుని తిరగేసి వాడండి. పైనా కిందా కలిపి లాగే వాకింగ్ ఫుట్ మెషీన్, 18 నంబరు సూది, టెక్స్ 70 (దారం మందం కొలత) బాండెడ్ పాలియెస్టర్ దారం సరిపోతాయి. పాలియెస్టర్ ఎండను నైలాన్ కంటే బాగా తట్టుకుంటుంది. కుట్టు సుమారు 4 మి.మీ. ఉండాలి. మరీ దగ్గరగా పడితే తోలు ఆ రంధ్రాల వెంటే చినుగుతుంది. తోలు మీద విప్పి కుట్టడం ఉండదు, రంధ్రం అలాగే మిగిలిపోతుంది. అందుకే ముందు చవకైన రెగ్జిన్‌తో ఒక సీటు మొత్తం కుట్టి ఎక్కించి చూసుకోండి.

సీటు స్పాంజ్ పొడిగా రాలుతోంది. స్ప్రింగులు కూడా మార్చాలా?

స్ప్రింగులు విరగకపోతే తుప్పు తీసి రంగు వేసి వాడుకోవచ్చు. వాటి మీద గోనెగుడ్డ కొత్తది తప్పనిసరి, అది లేకపోతే స్ప్రింగులు స్పాంజ్‌ను కోసేస్తాయి. బాగా పాత సీట్లలో స్పాంజ్ బదులు గుర్రపు వెంట్రుకలో, రబ్బరు పట్టించిన కొబ్బరి పీచో ఉంటుంది. అది బాగుంటే దులిపి, పైన పలచటి పొర వేస్తే చాలు. కొత్త స్పాంజ్ కొనేటప్పుడు సాంద్రత, గట్టిదనం వేరువేరని గుర్తుంచుకోండి. సాంద్రత మన్నికను చెబుతుంది, గట్టిదనం కూర్చుంటే ఎంత దిగుతుందో చెబుతుంది.

కవర్ ఎక్కించాక వదులుగా, ముడతలుగా కనిపిస్తోంది

స్పాంజ్ అరిగి ఉంటే కవర్ ఎంత బాగా కుట్టినా వదులే. పైన సెంటీమీటరు మందం స్పాంజ్ పొర అంటించి చూడండి. ఎక్కించేటప్పుడు స్పాంజ్ మీద పలచటి ప్లాస్టిక్ కవర్ వేస్తే తోలు జారుతూ చోటుకు చేరుతుంది, తర్వాత ప్లాస్టిక్ లాగేయండి. కవర్‌ను పట్టే ఉక్కు హాగ్ రింగులు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి వేయాలి, వాటి ప్లయర్స్ విడిగా కొనుక్కోండి. మామూలు కటింగ్ ప్లేయర్‌తో వేళ్లే నలుగుతాయి.

సోఫా గుడ్డ వాడొచ్చా?

ఎండకూ రాపిడికీ సోఫా గుడ్డ త్వరగా పోతుంది. అంతకంటే ముఖ్యం మంట. కార్ల లోపలి వస్తువులకు అమెరికాలో 1972 నుంచి ఉన్న ఎఫ్‌ఎమ్‌విఎస్‌ఎస్ 302 ప్రమాణం ప్రకారం, నిమిషానికి 102 మి.మీ. కంటే వేగంగా మంట పాకకూడదు. కార్ల కోసం చేసిన గుడ్డే అడిగి తీసుకోండి.

## డ్యాష్‌బోర్డ్, స్టీరింగ్

చెక్క పలక మీద వార్నిష్ పొలుసులు లేస్తోంది. శాండర్ పెట్టనా?

మెషీన్ వద్దు. చాలా కార్లలో అది పూర్తి చెక్క కాదు, ప్లైవుడ్ మీద కాగితమంత పలచగా అంటించిన వాల్‌నట్ పొర. ఒక్కసారి అరిగి కింది ప్లై కనిపిస్తే మళ్లీ రాదు. పాత వార్నిష్‌ను తొలగించే ద్రవంతో మెత్తబరిచి ప్లాస్టిక్ గీకుడుతో తీయండి. తర్వాత చేత్తో, చెక్క గీతల వెంటే సన్నటి శాండ్‌పేపర్. పొర లేచిన చోట సిరంజితో జిగురు ఎక్కించి బరువు పెట్టండి. ఎండను తట్టుకునే వార్నిష్ ఏడెనిమిది పలచటి పొరలు వేసి, చివర 1000 ఆపైన 2000 నంబరు కాగితంతో తడిగా రుద్ది పాలిష్ చేయండి.

స్టీరింగ్ చక్రం పగిలింది. అతికించినా మళ్లీ పగులుతోంది

లోపలి ఉక్కు కడ్డీ చుట్టూ పోసిన ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది, ఉక్కు కుంచించుకోదు. అందుకే పగులుతుంది. పైపైన పూస్తే నిలవదు. ఉక్కు కనిపించేదాకా పగులును వి ఆకారంలో వెడల్పు చేసి, రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ కూరి, పూర్తిగా గట్టిపడనివ్వండి. ఆకారానికి రుద్ది, ప్రైమర్, రంగు వేయండి.

మెరిసే బటన్లు పాలిష్ చేస్తే మెరుపు పోయింది. ఎందుకు?

అవి క్రోమ్ కావు, ప్లాస్టిక్ మీద వేసిన అతి పలచటి లోహపు పూత. వాటిని సబ్బు నీళ్లతో మాత్రమే తుడవాలి. ఇనుము మీది నిజమైన క్రోమ్ అయితే అల్యూమినియం ఫాయిల్‌ను నీళ్లలో తడిపి రుద్దితే తుప్పు మచ్చలు పోతాయి.

## బిగించాక

పాత సీటు బెల్టులకు రంగు వేసి వాడొచ్చా?

వద్దు. రంగు, బ్లీచ్ రెండూ పట్టీ బలాన్ని తగ్గిస్తాయి. సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, అంచు పోగులు లేస్తే మార్చేయండి. మూడు చోట్ల పట్టే బెల్టును నిల్స్ బోలిన్ రూపొందించగా 1959లో వోల్వో కార్లలో పెట్టింది. అంతకంటే పాత కార్లలో బెల్టు బిగించే చోట్లే సాధారణంగా ఉండవు. పలచటి రేకుకు నట్టు వెల్డ్ చేసి బెల్టు పెట్టడం ప్రమాదం, బరువు పంచే గట్టి ప్లేటు వేయాలి.

అంతా కొత్తగా వేసినా వాసన పోవట్లేదు

వాసన రకం పట్టుకోండి. బూజు వాసనైతే ఎక్కడో ఇంకా తడి ఉంది. తియ్యగా ఉండి, అద్దం లోపల జిడ్డు ఆవిరి పడుతుంటే హీటర్ రేడియేటర్ నుంచి కూలెంట్ కారుతోంది. పెట్రోల్ వాసనైతే ట్యాంకు నింపే గొట్టం దగ్గరి రబ్బర్లు చూడండి, అది తేలేదాకా కారు బయటికి తీయకండి. ఓజోన్ మెషీన్లు పెడితే వాసన తగ్గొచ్చు, కానీ ఓజోన్ రబ్బరును పాడుచేస్తుంది.

చేసిన పని ఎండకు మళ్లీ చెడిపోకుండా ఏం చేయాలి?

రెగ్జిన్‌ను మెత్తగా ఉంచే పదార్థం వేడికి ఆవిరై పోతుంటుంది. ముందు అద్దం లోపలివైపు పట్టే పలచటి జిడ్డు పొరలో చాలాభాగం అదే. నీడలో పెట్టండి, కుదరనప్పుడు అద్దానికి తెర వేయండి, కిటికీలు వేలెడంత దించి ఉంచండి. తళతళ మెరిపించే సిలికాన్ స్ప్రేలు వాడకండి, ఎప్పుడైనా మళ్లీ రంగు వేయాల్సి వస్తే ఆ సిలికాన్ మీద ఏదీ పట్టదు. వారానికోసారి తడిగుడ్డతో తుడవండి, తుడిచాక డోర్లు తీసి ఓ అరగంట గాలి ఆడనివ్వండి.